గాలి తగలని పెరడు

ఉతికిన దుప్పటి దండెం మీద వెయ్యాలంటే ఆమె మునివేళ్ళ మీద లేవాలి. ఆ ఇంటికి వచ్చి మూడేళ్ళు కావస్తున్నా తీగ కిందకి దిగలేదు, ఆమె పైకి పెరగలేదు. పుట్టింట్లో అందరూ ఆమెని పొట్టీ అనే పిలిచేవాళ్ళు. పెళ్ళయిన కొత్తల్లో, "ఈ దండెం ఒక జానెడు కిందకి కట్టిస్తారా?" అని భర్తని అడిగింది. ఆయన పేపర్లోంచి తలెత్తకుండానే, "తనకి సరిపోయేదే" అన్నాడు.

తను అంటే ఎవరో ఆ ఇంట్లో ఎవరూ విడమరిచి చెప్పరు. ఆయన మొదటి భార్య. పేరు పలకరు. గోడ మీద ఫొటో లేదు, బీరువాలో బట్టలు లేవు. మిగిలింది ఆ ఒక్క మాటే. వంటింట్లో డబ్బాల అర తన ఎత్తుకి కొట్టించింది. కిటికీ పక్క కుర్చీ తను కూర్చునేది, అందుకని అందులో ఎవరూ కూర్చోరు. స్టూలెక్కి పైడబ్బా అందుకున్నప్పుడల్లా వెనక ఎవరో పొడుగాటి మనిషి నిలబడి, తన చెయ్యి చాపితే అందుతుంది కదా అని జాలిగా చూస్తున్నట్టు ఉండేది ఆమెకి.

సంబంధం కుదిర్చినప్పుడు అన్నయ్య చెప్పింది కాసిని మాటలే. "మొదటి భార్య పోయింది. పిల్లాజెల్లా లేరు. ఇంజనీరు ఉద్యోగం, తాగుడూ తిరుగుడూ లేవు. నీకూ ముప్పై దాటాయి పొట్టీ, ఇంకా ఎవరికోసం చూస్తావు?" ఎలా పోయిందని ఆమె అడగలేదు. కొత్తగా కలుస్తున్న మనిషిని అలాంటిది ఏమని అడుగుతారు? తర్వాత అడుగుదామనుకుంది. ఆ తర్వాత అనేది రాలేదు. ఒక ఇంట్లో అందరూ మానేసిన ప్రశ్నని కోడలు ఎలా మొదలుపెడుతుంది?

అత్తగారికి మాత్రం తను ఎప్పుడూ నాలుక చివరే ఉండేది. "తనుంటేనా, నేను అడక్కముందే టీ చేతిలో ఉండేది." "తనకి తలనొప్పి వచ్చిందన్న మాట ఈ ఇంట్లో ఎవరూ వినలేదమ్మా." "తను ఒక్కమాట ఎదురాడి ఎరగదు." కూరలో ఉప్పు ఎక్కువైనా, చొక్కా కాలరుకి మడత పడినా, చివరికి వర్షం కురిసి ఆరేసిన బట్టలు తడిసినా ఆ పొడుగాటి మనిషి వచ్చి మధ్యలో నిలబడేది. బతికున్న సవతి అయితే పోట్లాడొచ్చు, వంకలు పెట్టొచ్చు. చనిపోయిన మనిషి రోజురోజుకీ మంచిదవుతూ ఉంటుంది. ఆమెతో పోటీపడి ఎవరు గెలుస్తారు?

ఆమెకి బయట కూడా ఉద్యోగం ఉంది. కళ్ళజోళ్ళ దుకాణం. పొద్దున్నే లేచి వంట చేసి, అత్తగారి మాత్రలు చిన్న గిన్నెలో వేసి, భర్త కారియరు మూతపెట్టి, మధ్యాహ్నం తినే సొంత డబ్బా మర్చిపోయి పరుగెత్తేది. దుకాణంలో వచ్చినవాళ్ళ చెవులకి ఫ్రేము తగిలించి, కంటికీ కంటికీ మధ్య దూరం కొలిచి, పెద్దక్షరాల నుంచి చిన్నక్షరాల దాకా చదివించేది. అంతా అయ్యాక వాళ్ళు ఆమె తల మీదుగా చూసి, "సార్ ఎప్పుడొస్తారు?" అనేవాళ్ళు. సార్ వచ్చి ఆమె కొలిచిన కొలతల కింద సంతకం పెట్టేవాడు. సాయంత్రం ఇంటికొస్తే, "పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని వచ్చావు కదా" అని అత్తగారు సింకు వైపు చూపించేది.

ఆ ఇంటికి ఉన్న ఒకే ఒక్క అందం పెరడు. మూడు వైపులా ఎత్తైన గోడ, నాలుగోవైపు ఇల్లు. ఎంత ఈదురుగాలి వీచినా అది గోడ మీదుగా పైపైనే పోవలసిందే. ఎండ మాత్రం పొద్దున్నించి మధ్యాహ్నం దాటేదాకా కుండతో పోసినట్టు నేల మీద పడేది. ఆ ఎండలో, ఆ చాటున, ఆమె కంటే ఎత్తుగా ఒక గంధరాజం చెట్టు. నిగనిగలాడే ఆకులు, తెల్లగా, మెత్తగా, రేకు మీద రేకు పేర్చినట్టున్న పూలు. అది తను నాటింది. సాయంత్రమయ్యేసరికి ఆ వాసన కిటికీల్లోంచి గదుల్లోకి వచ్చేది. అత్తగారు మాట ఆపేసేది. భర్త టీవీ చప్పుడు తగ్గించేవాడు. ఎవరో ఇంటికి వస్తే పలకరించడానికి సర్దుకుని కూర్చున్నట్టు ఉండేవాళ్ళు ఇద్దరూ. ఆమె ఒక్కతే ఏం చెయ్యాలో తెలియక గిన్నెలు తోముతూ ఉండేది.

పెళ్ళయిన మొదటి ఏడు, ఒకరోజు భర్త ఆఫీసుకి బయలుదేరుతూ ముందుగదిలోంచి ఆమెని పిలిచాడు. వేరే పేరు పెట్టి పిలిచాడు. ఆ పేరు ఆమె వినడం అదే మొదలు. విన్న క్షణంలోనే అది ఎవరి పేరో అర్థమైంది. ఆయనకి పొరపాటు పడ్డట్టు కూడా తెలియలేదు, బూట్ల లేసు కట్టుకుంటూ జేబురుమాలు తెమ్మన్నాడు. ఆమె తెచ్చి ఇచ్చింది. ఆయన వెళ్ళాక పెరట్లోకి వెళ్ళి ఆ చెట్టు ముందు నిలబడింది. "అక్కా, నీ పేరు పెట్టి పిలిచారు. నేను పలికాను" అంది.

అలా మొదలైంది. రోజూ నీళ్ళు పోసేటప్పుడు రెండు మాటలు. అక్కా, ఇవాళ నా చేతిలో గ్లాసు పగిలింది, నీ చేతిలో ఎప్పుడూ పగల్లేదట. అక్కా, నీకు నిజంగానే తలనొప్పి వచ్చేది కాదా? అక్కా, నువ్వెలా పోయావు? జ్వరమొచ్చిందా, కాన్పులో పోయావా, ఈ మేడమెట్ల మీంచి జారావా? ఆ చివరిది తలలోకి వచ్చిన రోజు నుంచి ఆమె మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగేది. అక్క మీద ఆమెకి కోపం లేదు. ఇంటిల్లిపాదిలో చెప్పింది పూర్తిగా వినేది అక్క ఒక్కతే.

మూడో ఏడు పెరటి గోడ పాతపూత పెచ్చులూడుతోందని భర్త మేస్త్రీని పెట్టి గీకించి, కొత్తగా పూత వేయించాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకి గంధరాజం ఆకులు పసుపు తిరగడం మొదలైంది. ఈనెలు మాత్రం పచ్చగా ఉండేవి, మధ్యలో ఆకంతా వెలిసిపోయేది, చేతి వెనక నరాలు తేలినట్టు. కట్టిన మొగ్గలు విప్పుకోకుండానే రాలిపోయేవి. పొద్దున్నే చెట్టు కింద ఆకుపచ్చటి మొగ్గలు మూసిన పిడికిళ్ళలా పడి ఉండేవి.

"తను పోయినా చెట్టు నిలబడింది. నీ చెయ్యి పడ్డాకే ఇలా అయింది" అంది అత్తగారు.

భర్త పెరటి గుమ్మంలో చాలాసేపు నిలబడి చెట్టుని చూశాడు. "దాన్ని చావనివ్వకు" అన్నాడు. బతిమాలుతున్నాడో ఆజ్ఞాపిస్తున్నాడో ఆమెకి తెలియలేదు. ఆమె ఒంట్లో బాగులేనప్పుడు ఆయన అంతసేపు నిలబడి చూసిన గుర్తు మాత్రం లేదు.

"ఎక్కణ్ణుంచి తెచ్చారత్తయ్యా ఈ మొక్క? అక్కడే అడిగితే మందు చెబుతారేమో."

"పక్క ఊరి నర్సరీ నుంచి తెచ్చుకుంది. బస్ డిపో వెనకాల, తన స్నేహితురాలిదేదో..."

"అమ్మా!" అన్నాడు భర్త. అంత గట్టిగా ఆయన ఎప్పుడూ అరవలేదు. తర్వాత ఆమె వైపు తిరిగి, "అంత దూరం ఏం వెళ్ళక్కర్లేదు. ఇక్కడే ఎవర్నన్నా అడుగు" అన్నాడు.

ఆమె ఆ మాట దాటాలనుకోలేదు. కానీ దుకాణం అద్దాలు సానపట్టేది పక్క ఊళ్ళోనే, వారానికోసారి వెళ్ళి తెచ్చేది ఆమే. ఆ వారం సంచీలో అద్దాల పెట్టెతోపాటు కాగితంలో చుట్టిన, పసుపు తిరిగిన గంధరాజం రెమ్మ కూడా పెట్టుకుంది. చెట్టు కోసమే వెళ్తున్నాననుకుంది. అక్క స్నేహితురాల్ని చూడాలని ఉందని బస్సు దిగాక గానీ ఒప్పుకోలేదు.

నర్సరీలో ఇద్దరు ఆడవాళ్ళున్నారు. గుమ్మం దగ్గర బల్ల ముందు బొద్దుగా ఉన్నావిడ ఎవరితోనో ఫోన్లో పగలబడి నవ్వుతోంది. లోపల, కుండీల వరసల మధ్య, ఇంకొకావిడ మట్టి కలుపుతోంది. పొడగరి. జుట్టు మెడదాకా కత్తిరించుకుంది, సగం నెరిసింది. మోచేతుల దాకా మట్టి. రెమ్మ చేతికిస్తే ఎండకి ఎత్తి పట్టుకుని చూసింది.

"గంధరాజం. ఎండ బాగా తగులుతుందా?"

"మధ్యాహ్నం దాటేదాకా ఉంటుందండి."

"గాలి?"

"అస్సలు రాదు. మూడువైపులా ఎత్తుగోడ."

ఆవిడ వేళ్ళు ఆకు మీద ఆగాయి. "గోడకి ఈమధ్య ఏమన్నా చేయించారా?"

"పాతది గీకించి కొత్త పూత వేయించారు."

"గీకిందంతా చెట్టు మొదట్లోనే వదిలేసి ఉంటారు. సున్నం పడదు దీనికి. తిండి ఎదురుగా ఉన్నా తినలేకపోతోంది, అంతే. ఎవరు నాటారు దీన్ని, మీరేనా?"

"కాదండి. మా ఆయన మొదటి భార్య. ఆవిడ పోయింది."

బల్ల దగ్గర నవ్వు ఆగింది. బొద్దుగా ఉన్నావిడ ఫోను చెవి నుంచి దించి ఏదో అనబోయింది. పొడగరి తలెత్తి ఒక్కసారి అటు చూసింది. ఆవిడ నోరు మూసుకుంది.

"పోయిందా" అంది పొడగరి. ప్రశ్నలా అనలేదు.

"మా పెళ్ళికి ముందేనండి. చాలా మంచావిడట."

"అని ఎవరన్నారు?"

"మా అత్తగారు. రోజూ తలుచుకుంటారు."

పొడగరి మొహంలో ఏదో కదిలింది. నవ్వో, ఇంకేదో. చేతులు దులుపుకుని, చెయ్యవలసిందంతా చెప్పింది. మొదట్లో పైమట్టి చేత్తో తియ్యాలి, పార పెట్టకూడదు, వేళ్ళు పైపైనే ఉంటాయి. తీసినచోట కుళ్ళిన ఆకుల ఎరువు నింపాలి. బోరునీళ్ళు మానేసి వాననీళ్ళు పట్టి పొయ్యాలి. చిన్న పొట్లంలో ఆకుపచ్చటి పలుకులు కట్టి ఇచ్చింది. అన్నభేది, ఇనుము ఉంటుంది, నీళ్ళలో కలిపి కొంచెమే పొయ్యమంది.

"పసుపైన ఆకులు మళ్ళీ పచ్చబడవు. వాటి మీద ఆశ పెట్టుకోకండి. కొత్తగా వచ్చేవాటిని చూడండి" అంది. వెళ్ళబోతుంటే వెనక నుంచి, "మీరు బాగానే ఉన్నారా?" అని అడిగింది. మొక్క గురించి వచ్చిన మనిషిని అడిగే ప్రశ్న కాదది. ఆమె తలూపి బస్సెక్కింది. ఊరు వచ్చేదాకా ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూనే ఉంది.

చెప్పింది చెప్పినట్టు చేసింది. ఆదివారం మధ్యాహ్నాలు మోకాళ్ళ మీద కూర్చుని, గోడ రాల్చిన తెల్లటి పెళ్ళలు ఒక్కొక్కటే ఏరింది. గోళ్ళ కింద సున్నం ఇరుక్కుని మండేది. వానలు పడ్డప్పుడు ఇంట్లో ఉన్న బకెట్లన్నీ పెరట్లో పెట్టింది. అత్తగారు కిటికీలోంచి చూసి, "ఇంటిపని మీద లేని శ్రద్ధంతా దాని మీదే" అంది. కొన్నాళ్ళకి కొమ్మల చివర్లలో ఎర్రజీర కలిసిన లేత చిగుళ్ళు వచ్చాయి, తర్వాత అవి ముదిరి చిక్కటి ఆకుపచ్చకి తిరిగాయి. పాత పసుపు ఆకులు ఒక్కొక్కటే రాలిపోయాయి. మొగ్గలు నిలిచాయి. మొదటి పువ్వు విచ్చిన సాయంత్రం ఇంట్లో మళ్ళీ మాటలు ఆగిపోయాయి. చెట్టు బతికినందుకు ఎవరూ ఆమెని ఒక్కమాట అనలేదు. "తను నాటిన వేళ అలాంటిది" అంది అత్తగారు.

మరుసటి వారం అద్దాలకి వెళ్తూ ఆమె తడిగుడ్డలో రెండు పూలు పెట్టుకుని నర్సరీకి వెళ్ళింది. పొడగరి పూలని ముట్టుకోలేదు. వేలు తగిలితే మచ్చ పడుతుందని, కుండీ అంచు మీద పెట్టించి చూస్తూ కూర్చుంది. బొద్దుగా ఉన్నావిడ టీ తెచ్చిచ్చి పనున్నట్టు అవతలికి వెళ్ళిపోయింది.

చాలాకాలంగా మనుషులతో మాట్లాడనివాళ్ళు మొదలుపెడితే ఆపలేరు. ఆమె అన్నీ చెప్పేసింది. టీ కప్పు మీద కళ్ళు పెట్టుకుని, దండెం సంగతి, పేరు పెట్టి పిలిచిన సంగతి, మెట్ల సంగతి. "నవ్వకండి, నేను ఆ చెట్టుతో మాట్లాడతానండి. అక్కా అని పిలుస్తాను. ఆవిడ ఎలా పోయిందో నాకు తెలీదు. ఒక్కోసారి, ఆ పనంతా చేసి చేసి పోయిందేమో అనిపిస్తుంది. ఆవిడ వింటోందనిపిస్తుంది."

పొడగరి టీ కప్పు కింద పెట్టింది.

"నేనే" అంది.

"ఏంటండీ?"

"ఆ చెట్టు నాటింది నేనే. నేను చావలేదు. ఇంకా వీధి లేవకముందే సూట్‌కేసు పట్టుకుని, ఆయన చూస్తుండగానే గేటు తీసుకుని వచ్చేశాను. తర్వాత కోర్టుకి కూడా ఇద్దరం వెళ్ళి సంతకాలు పెట్టాం. మీరు మొదటిసారి వచ్చినప్పుడే చెప్పాల్సింది, నోరు రాలేదు. మనిషి ఎదురుగా కూర్చుని నువ్వు పోయావంటుంటే ఏం చెప్పాలి?"

ఆమె తలెత్తి చూసింది. ఎత్తైన ఆ భుజాలు, పొడుగాటి ఆ చేతులు. వంటింటి అర ఆ చేతికి అందేది. స్టూలు మీద నిలబడ్డప్పుడు వెనక ఉన్నట్టనిపించే మనిషి ఇప్పుడు ఎదురుగా గోళ్ళలో మట్టితో కూర్చుని ఉంది. భయమేసింది. చనిపోయిన మనిషి కనిపిస్తే వేసే భయం కాదు. మూడేళ్ళు ఆమె ఎవరితో మాట్లాడింది మరి?

"మిమ్మల్ని... అత్తయ్య చాలా మెచ్చుకుంటారు" అంది, ఏం అనాలో తెలియక.

పొడగరి పెద్దగా నవ్వింది. "నన్నా? మా అత్తగారా? నా వంట కుక్క కూడా ముట్టదనేది. నేనున్నప్పుడు వాళ్ళ అత్తగార్ని చూపించేది నాకు. ఆవిడ ఒంటిచేత్తో ఇంటెడు చాకిరీ చేసేదట, మారుమాట లేకుండా. ఆవిడకి ఎవర్ని చూపించారో." నవ్వు ఆగిపోయింది. "ఎదురాడలేదన్నది మాత్రం నిజమే. చివర్లో అసలు మాట్లాడ్డమే మానేశాను. ఎవరూ గమనించలేదు."

"ఆయన కొట్టేవారా?"

"అబ్బే. కొట్టుంటే ఇంకా ముందే వచ్చేసేదాన్ని, కారణం దొరికేది. ఒకరోజు పెరట్లో ఎవరో మాట్లాడుతున్నారని వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. మాట్లాడుతోంది నేనే, ఆ చెట్టుతో. నా గొంతు నేనే పోల్చుకోలేదు. వారంలోగా వచ్చేశాను. చెట్టుని తవ్వి తెచ్చుకుందామనుకున్నాను గానీ, ముదిరిన గంధరాజాన్ని కదిలిస్తే చచ్చిపోతుంది."

ఆమె కళ్ళు నిండాయి.

"ఏడవకండమ్మా. నాకు ఓదార్చడం రాదు" అంది పొడగరి, నిజంగానే ఇబ్బందిపడుతూ. "నా దగ్గరికి వచ్చెయ్యమని కూడా అనను. మీ సంగతి మీరు చూసుకోవాలి. కానీ ఇంక నన్ను అక్కా అని పిలవాలనుకుంటే ఇక్కడికొచ్చి పిలవండి. అక్కడ నేను లేను."

ఇంటికి వచ్చేసరికి అత్తగారు బల్ల ముందు కూర్చుని కూరగాయలు తరుగుతోంది. భర్త పేపరు చూస్తున్నాడు. ఆమె చెప్పులు కూడా విప్పలేదు.

"మీ మొదటి భార్య ఎలా పోయింది?"

పేపరు దిగలేదు. "ఇప్పుడదెందుకు? పోయింది, అంతే."

"బస్సులో వెళ్ళిందా, నడిచి వెళ్ళిందా?"

పేపరు దిగింది. ఆయన మొహంలో రంగు పోయింది, మళ్ళీ వచ్చింది. తర్వాత ఆయన అన్న మాట ఆమెకి ఆ తర్వాత చాలాకాలం చెవుల్లో ఉండిపోయింది. "నేనెప్పుడైనా చచ్చిపోయిందన్నానా? పోయిందన్నాను. నువ్వు అలా అనుకుంటే దానికి నేనేం చెయ్యను?"

కత్తి పక్కన పెట్టింది అత్తగారు. కోపంగా లేదు, అలసటగా ఉంది. "బతికున్న మనిషి ఇల్లు వదిలి వెళ్ళిపోయిందంటే, ఎందుకు వెళ్ళిందని అడుగుతారమ్మాయ్. పోయిందంటే అయ్యో అంటారు. నాకు ఆ అయ్యో కావలసొచ్చింది. ఎందుకన్నదానికి నా దగ్గర జవాబు లేదు."

అన్నయ్యకి ఫోన్ చేసింది. అన్నయ్యకి తెలుసు. వదినకీ తెలుసు. "విడాకులంటే నువ్వు లేనిపోనివి ఆలోచిస్తావని చెప్పలేదు పొట్టీ. నీ మనసు తేలిగ్గా ఉంటుందనే కదా" అన్నాడు. "ఎవరి మనసన్నయ్యా?" అని ఫోను పెట్టేసింది.

నిజం బయటపడ్డాక ఆ ఇల్లు ఏదో ఒకలా మారుతుందని ఆమె అనుకుంది. గోడలకి బీటలు పడకపోయినా, కనీసం ఆ కుర్చీలో ఎవరైనా కూర్చుంటారనుకుంది. మర్నాడు పొద్దున్న టీ ఆలస్యమైంది. అత్తగారు కప్పు అందుకుని, ఊదుకుని, మామూలు గొంతుతో అంది. "తనుంటేనా, ఈపాటికి రెండోసారి కూడా తాగేసేవాళ్ళం."

ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది. మనిషి పక్క ఊళ్ళో మట్టి కలుపుతోంది. దయ్యం మాత్రం ఇక్కడే ఉంది. దానికి ఆ మనిషితో పనే లేదు. సాయంత్రం వాసన వచ్చింది, వాళ్ళిద్దరూ ఎప్పటిలాగే సర్దుకుని కూర్చున్నారు. ఆమె మొదటిసారిగా వాళ్ళ మొహాల్లోకి చూసింది. వాళ్ళు నటించడం లేదు. వాళ్ళకి నిజంగానే ఎవరో చనిపోయారు. అంత మంచి కోడలు, అంత నోరులేని భార్య, ఆ ఇంట్లో ఏనాడూ లేని మనిషి.

ఇంక చెట్టుతో మాట్లాడబోతే మాట రాలేదు. నీళ్ళు పోసి వచ్చేసేది. ఇంట్లోనూ అవసరానికి మించి మాట్లాడలేదు. ఎవరూ గమనించలేదు. ఆ మాట నర్సరీలో విన్నదేనని ఆమెకి అప్పుడు తట్టింది.

పూలకాలం అయిపోవస్తున్న ఒక సాయంత్రం ఆమె పెరట్లో వాడిన పూలు తుంచుతోంది. కిటికీ అవతల భర్త ఫోన్లో మాట్లాడుతున్నాడు. గొంతు మెత్తగా ఉంది, తన గురించి మాట్లాడేటప్పుడు ఉండే గొంతు.

"మంచి మనిషండీ. కాదన్నదెవరు? ఒక్కమాట ఎదురాడేది కాదు. పని దగ్గర వంకపెట్టడానికి ఉండేది కాదు. మొక్కలంటే ప్రాణం తనకి."

ఇంకా ఆ ఊసేనా, అనుకుంటూ ఆమె ఒక పువ్వు తుంచింది.

"చచ్చిపోతుందనుకున్న చెట్టుని బతికించింది. గోళ్ళు పుళ్ళు పడేలా మట్టి తీసింది. అంత ఓపిక తనకి. ఇప్పుడే ఇలా అయిపోయింది బావగారూ. చెట్టుతో మాట్లాడటం నేను విన్నాను. మీ దగ్గర కొన్నాళ్ళు ఉంటే మంచిదేమో..."

తుంచిన పువ్వు చేతిలోనే ఉండిపోయింది. గోళ్ళు ఆమెవే. చెట్టుని బతికించింది ఆమే. బావగారు ఆమె అన్నయ్యే. మూడేళ్ళలో ఆయన ఆమెని మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మెచ్చుకున్నదంతా అయిపోయిన మనిషి గురించి చెప్పినట్టు చెప్పాడు. ఉండేది. ఎదురాడేది కాదు. ఆమె గేటు దాటకముందే, కిటికీ అవతల ఆమె కూడా ఒక 'తను' అయిపోతోంది.

ఆ చాటైన పెరట్లో ఆకు కూడా కదలడం లేదు. ఎండ వెళ్ళిపోతున్న గోడ వైపు చూస్తూ ఆమె ఎవరి గురించో ఆలోచించింది. ఇంకా ఆ ఇంటి పేరు కూడా వినని ఒక అమ్మాయి. రేపో, రెండేళ్ళకో, ఎవరో అన్నయ్య ఆమెకి రెండు ముక్కలు చెబుతాడు. ముందు మనిషి ఎలా పోయిందని ఆ అమ్మాయి అడగదు. వచ్చి వంటింట్లో నిలబడితే, ఆ అమ్మాయి వెనక ఈసారి పొట్టిమనిషి ఒకతె నిలబడి ఉంటుంది.

పూలు అయిపోయాక గంధరాజాన్ని కత్తిరించాలి. ఆ వారం శ్రద్ధగా కత్తిరించింది. ఒక కొమ్మ వెంట తీసుకెళ్దామా అనిపించింది. తీసుకోలేదు, ఆ చెట్టు ఇప్పటికే చాలా విన్నది. దుకాణం పక్క సందులో ఆడవాళ్ళ హాస్టల్లో గది మాట్లాడుకుంది. సార్‌తో చెబితే, "ఇంట్లో ఒప్పుకున్నారా?" అన్నాడు. "నేనొప్పుకున్నాను" అంది.

ఆదివారం, వీధంతా లేచి పనుల్లో పడ్డాక, బాగా ఎండెక్కాక బయలుదేరింది. సూట్‌కేసు గేటు దగ్గర పెట్టి, ముందుగా పైవాటాలో ఉండే టీచరమ్మ తలుపు తట్టింది.

"నేను ఈ ఇల్లు వదిలి వెళ్ళిపోతున్నానండీ. నా ఇష్టంతోనే వెళ్తున్నాను. ఒంట్లో బాగానే ఉంది, మనసూ బాగానే ఉంది. చెప్పి వెళ్దామని."

టీచరమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఆమె మెట్లు దిగింది, గోడ పట్టుకోకుండా. ఎదురింటి టైలరుకి అదే చెప్పింది. మూల మీద పాలబూత్ అతనికి చెప్పింది. పక్కింట్లో పడకకుర్చీలో ఉండే చెవిటి తాతయ్యకి గట్టిగా, వీధికంతా వినపడేలా రెండుసార్లు చెప్పింది. "బతికే వెళ్తున్నాను తాతయ్యగారూ!" "ఎక్కడికమ్మా?" అని ఆయన కూడా గట్టిగానే అడిగాడు. "హాస్టల్‌కి!" తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటూ గేటు దాకా పరుగెత్తుకొచ్చాడు. "ఏంటీ తమాషా? వెళ్ళేదానివి నోరు మూసుకుని వెళ్ళలేవా?"

"అదే కుదరదు" అంది ఆమె. ఆయన చుట్టూ చూశాడు. లోపలికి వెళ్ళిపోయాడు.

అత్తగారు గేటు ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. తిడుతుందనుకుంది ఆమె. ముసలావిడ సూట్‌కేసు వంక చూసింది, వీధి వంక చూసింది, చివరికి చాలా చిన్న గొంతుతో అడిగింది.

"రేపు ఇంకో అమ్మాయి వస్తే ఏం చెప్పమంటావే?"

ఆమె సూట్‌కేసు ఎత్తుకుంది.

"మీకు చెప్పడం కష్టంగా ఉంటే, మా దుకాణానికి పంపించండి అత్తయ్యా. నేనే చెబుతాను."